కొలతలు చెప్పకుండా రిపేరు ఎలా?

సంపాదకుల వారికి,

లారీ ఇంజిన్ పని సొంతంగా చేసుకునేవాళ్లు తెలిసీ తెలియక చెయ్యి పెట్టి చెడగొట్టుకుంటారన్న మాట తరచూ వినిపిస్తుంది. చెడే మాట నిజమే. కానీ చాలాసార్లు అలా చెడేది పని రాక కాదు, కొలత తెలియక.

ఇంజిన్ బ్లాకుకీ దాని మీది హెడ్‌కీ మధ్య గ్యాసు, నీళ్లు లీకవకుండా వేసే హెడ్ గాస్కెట్ సంగతే చూడండి. కొత్తది వేసి బిగిస్తారు, ఖాళీ బండి బాగానే నడుస్తుంది. లోడుతో ఎత్తు ఎక్కగానే రేడియేటర్‌లో మళ్లీ బుడగలు. తప్పు గాస్కెట్‌ది కాకపోవచ్చు. వెట్ లైనర్ ఇంజిన్లలో, అంటే పిస్టన్ ఆడే గొట్టం (లైనర్) చుట్టూ నేరుగా నీళ్లు తిరిగేవాటిలో, లైనర్ అంచు బ్లాకు కంటే పైకి ఉండాలి, అదీ మిల్లీమీటరులో వందో వంతుల లెక్కన. ఒక్క లైనర్ దిగి ఉన్నా అక్కడ గాస్కెట్‌కు పట్టు దొరకదు. డయల్ గేజ్ పెడితే ఎంత ఉందో తెలుస్తుంది. ఎంత ఉండాలో ఎవరు చెప్పాలి?

హెడ్ బోల్టులదీ అదే కథ. నడిమి నుంచి బయటికి, విడతలు విడతలుగా బిగించాలని అందరికీ తెలుసు. చాలా ఇంజిన్లలో చివరి విడతకు టార్క్ అంకె (ఎంత బలంతో తిప్పాలో చెప్పేది) ఉండదు, ఇన్ని డిగ్రీలు తిప్పాలని ఉంటుంది. అలా సాగదీసి బిగించే బోల్టులను కొన్ని ఇంజిన్లలో మళ్లీ వాడకూడదు, కొన్నింటిలో పొడవు కొలిచి వాడొచ్చు. ఏది ఏదో తెలియకపోతే పాతవే బిగిస్తాం, సగంలో తెగుతాయి. ఇంకొకటి, బోల్టు రంధ్రంలో ఆయిలో నీళ్లో మిగిలిపోతే అవి నలగవు, బోల్టు దిగేకొద్దీ బ్లాకునే పగలగొడతాయి. గాలి కొట్టి ఆరబెట్టాకే బోల్టు పెట్టాలి.

సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ తీసినప్పుడు పాత రాగి వాషర్ ఒక్కోసారి లోపలే అతుక్కుపోతుంది. టార్చి వేసి చూడకుండా దాని మీదే కొత్తది వేస్తే ఇంజెక్టర్ ఎత్తుగా కూర్చుని పొగ మొదలవుతుంది. ఇది కళ్లతో పట్టుకోగలిగిన తప్పే. అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి భారీ ఒత్తిడితో డీజిల్ అందే కామన్ రైల్ ఇంజిన్లలో మాత్రం చాలావాటికి కొత్త ఇంజెక్టర్ మీద ఉన్న కోడ్‌ను ఇంజిన్ కంప్యూటర్‌లో ఎక్కించాలి. లేకపోతే ఆ సిలిండర్‌కు డీజిల్ లెక్క తప్పుతుంది, ఐడిల్‌లో ఇంజిన్ కొట్టుకుంటుంది. పానాతో తీరే సమస్య కాదిది.

పాత అలవాటు కొద్దీ, ఏ సిలిండర్ పనిచేయడం లేదో చూద్దామని నడుస్తున్న ఇంజిన్ మీద ఇంజెక్టర్ డీజిల్ పైపు నట్టు వదులు చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కామన్ రైల్‌లో దయచేసి ఆ పని చేయకండి. 1,600 బార్‌కు పైగా వెళ్లే ఆ ఒత్తిడిలో డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గాటులా కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

హెడ్ బోల్టుల టార్క్, డిగ్రీలు, లైనర్ ఎత్తు, ట్యాపెట్ గ్యాప్ (వాల్వుల దగ్గర వదలాల్సిన సందు), మళ్లీ వాడకూడని భాగాలు: ఇవన్నీ రెండు పేజీల్లో పట్టే అంకెలు. తయారీ కంపెనీలు వాటిని బండితో పాటే ఇవ్వాలి. ఇంజెక్టర్ కోడ్ ఎక్కించే పరికరాన్ని సొంత వర్క్‌షాపులకే పరిమితం చేయకుండా బండి యజమానులకూ అందుబాటు ధరకు అమ్మాలి.

ఇట్లు,
సొంత లారీ నడుపుకునే ఒక పాఠకుడు