బ్లీచింగ్ ఎప్పుడు కలుపుతారో చెబితే ఏం పోతుంది?

సంపాదకుడు గారికి నమస్కారం.

అక్వేరియం చేపల గురించి పోయిన వారం మీ పత్రికలో వచ్చిన చిట్కాలు చదివాను. కొళాయి నీళ్లు రాత్రి బకెట్లో పట్టి పొద్దున తొట్టిలో పోస్తే చాలని రాశారు. రాసినాయన మా ఊరి కొళాయి ఎప్పుడూ తిప్పి ఉండరు. అప్పుడే రాద్దామనుకున్నా, కరెంటు బిల్లు గొడవలో పడి కుదరలేదు.

ఆ మాట పూర్తిగా తప్పని అనను. వెడల్పాటి పాత్రలో మూత లేకుండా ఒక పగలూ రాత్రీ ఉంచి, గాలి పంపుతో బుడగలు వదిలితే, బ్లీచింగ్ వల్ల నీళ్లలో చేరిన క్లోరిన్ మామూలు మోతాదైతే పోతుంది. కానీ మాకు మామూలు మోతాదంటూ ఉంటే కదా! ప్రమాణాల ప్రకారం కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి, రోగాల భయం ఉన్నప్పుడు 0.5 ఉండాలి. మాకేమో నెలంతా వాసనే ఉండదు, ఏ వీధిలోనో నలుగురికి వాంతులు, విరేచనాలు అని తెలిసిన మర్నాడు మాత్రం బ్లీచింగ్ కుమ్మరిస్తారు. ఆ రోజు బిందె దగ్గర ముఖం పెట్టలేం. మనకు వాసనతో పోతుంది, చేపకు మొప్పలే మాడిపోతాయి, నీటిపైకి వచ్చి నోరు తెరుచుకుని కొట్టుకుంటుంది. మా మనవరాలి గోల్డ్ ఫిష్‌లు అట్లాగే పోయాయి.

అసలు మన జిల్లా పత్రికలో ఈ విషయం ఇంత అరకొరగా రాయడమేంది? రొయ్యల హేచరీలో పనిచేసిన ఏ కుర్రాడినడిగినా చెబుతాడు, సముద్రపు నీళ్లకు బ్లీచింగ్ వేసి, తర్వాత సోడియం థయోసల్ఫేట్‌తో ఆ క్లోరిన్ విరగ్గొట్టి, పరీక్ష చేశాకే రొయ్యపిల్లల్ని వదులుతారని. పాత ఫోటో స్టూడియోల వాళ్లు హైపో అనేది దీన్నే. అక్వేరియం షాపుల్లో అమ్మే యాంటీ క్లోరిన్ సీసాల్లో చాలావాటిలో ఉండేదీ ఇదే. మీ చిట్కాల్లో దాని ఊసే లేదు. పైగా నీళ్లన్నీ మార్చి, ఫిల్టర్ స్పాంజిని కొళాయి కింద శుభ్రంగా కడగమన్నారు! ఒకసారికి పావు వంతు నీళ్లు మార్చాలి, స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. లేదంటే చేపల మలినాన్ని విరిచే బ్యాక్టీరియా క్లోరిన్‌కు చచ్చి, నీళ్లలో అమ్మోనియా పేరుకుంటుంది.

బోరు నీళ్లు పోసుకోవచ్చుగా అంటారు కొందరు. క్లోరిన్ ఉండదు నిజమే, ఆ ఉప్పదనం, గట్టిదనం సంగతో?

ఇదంతా సచివాలయంలో చెబితే అక్కడి అబ్బాయి నవ్వి, చేపల కోసం ఫిర్యాదేంది సార్ అన్నాడు. దోమలు పెరిగాయని కాలువల్లో గంబూసియా చేపలు వదిలేటప్పుడు మాత్రం వరసగా నిలబడి ఫోటోలు దిగుతారు, అవి మీ పత్రికలోనే వస్తాయి. ఆ చేపలకు సన్మానం, మా చేపలకు వెక్కిరింపు. అయినా చేప సంగతి పక్కన పెట్టండి, ఆ నీళ్లు తాగేది మేమే కదా. ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే పసుపు రంగు తేలుతుంది, ఆ రంగును బట్టి క్లోరిన్ ఎంతుందో అక్కడికక్కడే చెప్పొచ్చు. రొయ్యపిల్లకు చేసే పరీక్ష మనిషి తాగే నీళ్లకు చేయరా? చేస్తే మాకెందుకు చెప్పరు? ఇంటి పన్ను బకాయిలకైతే వీధివీధికీ మైకు ఆటో తిరుగుతుంది, సెల్లుకు మెసేజ్ కూడా వస్తుంది. ఎక్కువ బ్లీచింగ్ కలిపే రోజు అదే ఆటోలో ఒక్క మాట చెప్పడానికి ఏమైంది?

మా ట్యాంకు మీద చివరిసారి కడిగిన తేదీ అని పెయింటుతో రాసి, తేదీ ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలేశారు. ఆ తేదీ రాసి, పక్కనే ఆ రోజు క్లోరిన్ ఎంతో కూడా రాయమనండి. మీరు మీ చిట్కాకు సవరణ వేయండి.

– ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా