నువ్వు పంపిన మూడు ఫొటోల గురించి

చిట్టితల్లీ,

ఎల్డర్ అని, గుత్తులుగా చిన్న నల్ల పళ్లు కాసే చెట్టు అనుకుని నువ్వు తీసిన ఫొటోలు చూశాను. "ఇవి మూడూ ఎల్డర్ చెట్లేనా నాన్నా, పళ్లు తినొచ్చా?" అని అడిగి ఆపేసి ఉంటే నేనూ నింపాదిగా జవాబు రాసేవాణ్ని. కింద "ఒకటి రెండు నోట్లో వేసుకుని చూడనా?" అని రాశావు చూడు, అక్కడే నాకు టెన్షన్ మొదలైంది. ఈ ఉత్తరం మొత్తం చదివేదాకా ఒక్క పండు కూడా కొరకొద్దు.

ముందు నా ఘనకార్యం చెప్తాను. నేనూ ఆ యూరప్‌లోనే చదువుకునే రోజుల్లో, నడిచే దారి పక్కన నల్లగా నిగనిగలాడుతూ గుత్తులు వేలాడుతుంటే నోరూరి, గుప్పెడు దూసుకుని అక్కడే నమిలేశాను. రుచి కూడా ఏమంత లేదు. గది చేరేలోపే వాంతులు మొదలయ్యాయి. తమాషా ఏమిటంటే, నేను తిన్నది సరైన చెట్టు పళ్లే, బాగా పండినవే. ఉడికించకుండా తినకూడదని తెలియకపోవడమే నా తప్పు. ఎల్డర్ ఆకుల్లో, కాడల్లో, గింజల్లో, పండని కాయల్లో సాంబునైగ్రిన్ అనే పదార్థం ఉంటుంది. నమిలినా నలిపినా అందులోంచి సైనైడ్ పుడుతుంది. 1983 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటెరే కౌంటీలో పాతికమంది చేరిన ఒకచోట, అడవి ఎల్డర్ పళ్లను ఆకులతో కొమ్మలతో సహా నలిపి తీసిన రసం తాగారు. పావుగంటలో 11 మందికి వికారం, వాంతులు పట్టుకున్నాయి. 8 మందిని హెలికాప్టర్‌లో ఆస్పత్రికి చేర్చారు. అందరూ కోలుకున్నారనుకో. కానీ వాళ్లు చెట్టును పోల్చుకోవడంలో పొరబడలేదు, ఆకులూ కొమ్మలూ తీసెయ్యకపోవడమే అసలు గొడవ.

ఇక నీ ఫొటోలు. మొదటి దానిలో ఆకులు ముదురు ఊదారంగులో, జల్లెడలా సన్నగా చీలి ఉన్నాయి. జపాన్ మేపుల్ ఏమో అని నువ్వు అనుమానపడ్డావు. చాలామంది అలాగే పడతారు. మేపుల్ ఆకు అరచేతి నుంచి వేళ్లు విచ్చుకున్నట్టు ఉంటుంది. ఇది అలా కాదు. వేపరెమ్మలో లాగా నడిమి ఈనెకు రెండువైపులా చిరుఆకులు జతలుగా ఉండి, కొసన ఒంటిది ఒకటి ఉంటుంది. ఎల్డర్‌కు మామూలుగా ఇవి 5 గాని 7 గాని. రెమ్మలు కూడా కొమ్మ మీద ఎదురెదురుగా పుడతాయి. నీ ఫొటోలో ఇవన్నీ ఉన్నాయి. ఇది తోటల కోసం పెంచే 'బ్లాక్ లేస్' రకంలా ఉంది. పూలు తెల్లగా కాక గులాబీరంగులో వస్తాయి. ఇలాంటి వేషాలు ఈ చెట్టుకు చాలా ఉన్నాయి: బంగారురంగు ఆకులవి, అంచు తెల్లగా ఉండేవి, ఆకుపచ్చగానే ఉన్నా కొత్తిమీరలా చీలినవి. చూడటానికి ఎంత వింతగా ఉన్నా అన్నీ యూరప్ నల్ల ఎల్డరే, శాస్త్రీయనామం సాంబూకస్ నైగ్రా. పండినవి ఉడికించి వాడుకోవచ్చు. కాకపోతే అది ఎవరి తోటదో, దాని మీద ఏ మందు కొట్టారో అడగకుండా చెయ్యి వెయ్యకు.

రెండోది నన్ను కాస్త ఇబ్బంది పెట్టింది. ఆకు మామూలే, గుత్తి బరువుకు వంగింది, పళ్లు మాత్రం లేత ఆకుపచ్చ. పండినా నల్లబడని రకం నిజంగానే ఒకటి ఉంది, దాన్ని విరిడిస్ అంటారు. పండేటప్పుడు కాయ మెత్తబడి, లోపలి గింజ నీడలా కనిపించేంత పలచగా తేలుతుంది. కానీ పచ్చి కాయలు కూడా ఆకుపచ్చే కదా! ఫొటో చూసి ఇది పండు, ఇది కాయ అని తేల్చి చెప్పే ధైర్యం నాకు లేదు. మూడు వారాలు ఆగి చూడు. నల్లబడితే మామూలు చెట్టే, ఆలస్యంగా పండిందంతే. నల్లబడకపోయినా, ఈ ఏడాదికి వాటిని పిట్టలకు వదిలెయ్యమనే నేనంటాను.

మూడోదాని గురించి నువ్వు "ఇది మాత్రం డౌటే లేదు, అచ్చం ఎల్డరే" అని రాశావు. నాకు అన్నిటికంటే భయం వేసింది దాన్ని చూసే. కాలవగట్టు వెంట నడుమెత్తున గుబురుగా ఉంది. కాండానికి బెరడు లేదు, పచ్చగా చారలు తేలి ఉంది. చిరుఆకులు లెక్కపెట్టాను, 9 ఉన్నాయి, సన్నగా పొడుగ్గా. అన్నిటికంటే ముఖ్యం, నల్లగా పండాక కూడా గుత్తి ఆకాశం వైపే నిలబడి ఉంది. నల్ల ఎల్డర్ గుత్తి పండితే కిందికి వాలుతుంది. నీ ఫొటోలోది డ్వార్ఫ్ ఎల్డర్, సాంబూకస్ ఎబులస్. చెట్టు కాదు, మొక్క. చలికాలానికి నేల దాకా చచ్చి, వసంతంలో మళ్లీ వేరు నుంచి లేస్తుంది. పళ్లు విషం. ఉడికించినా వద్దు. ఆకు నలిపితే కంపు కొడుతుంది, కానీ నల్ల ఎల్డర్ ఆకు వాసన కూడా బాగుండదు కనక ముక్కును నమ్ముకోకు.

ఎర్ర పళ్లు కాసే ఎల్డర్ కూడా ఎక్కడో ఒకచోట నీకు ఎదురవుతుంది. దాని పూలగుత్తి బల్లపరుపుగా కాక గోపురంలా ఉంటుంది, మిగతావాటికంటే ముందే పూస్తుంది. సన్న కొమ్మ కోస్తే లోపలి బెండు గోధుమరంగులో ఉంటుంది, నల్ల ఎల్డర్‌లో తెల్లగా ఉంటుంది. ఉత్తర అమెరికా పడమటి తీరపు ఆదివాసులు ఆ ఎర్ర పళ్లను వండి, గింజలు తీసేసి తినేవారు. అది వాళ్లకు తరతరాలుగా అబ్బిన పని, మనకు కాదు. బెండు చూశాక కొమ్మను పారెయ్యి. పిల్లలు ఆ బెండు తోసేసి ఈలలు చేసుకుని ఊది జబ్బుపడ్డ సందర్భాలున్నాయి.

పేర్లు చూసి కూడా మోసపోకు. బాక్స్ ఎల్డర్ అంటే మేపుల్ జాతి, దానికి పళ్లు కాదు, రెక్కల గింజలు వస్తాయి. ఆల్డర్ వేరే చెట్టు, తెలుగులో రాస్తే ఒక్క అక్షరమే తేడా. పోక్‌వీడ్ అని ఇంకొకటుంది, నల్ల పళ్లే, విషమే. దాని కాడ ఎర్రగా ఉంటుంది, ఆకులు ఒంటివి, జతగా రావు.

అంత మనసైతే, తోటవాళ్లు సరేనంటే, మొదటి చెట్టువే కొయ్యి. ఫోర్క్‌తో దువ్వితే పళ్లు కాడ నుంచి సులువుగా రాలతాయి. కాడలూ పచ్చివీ ఏరి పారేసి, పావుగంటో ఇరవై నిమిషాలో బాగా మరిగించి, వడకట్టి గింజలు తీసెయ్యి. మొదటిసారి రెండు చెంచాలు చాలు.

పొయ్యి మీద పెట్టేముందు కోసిన గుత్తినీ, దాన్ని కోసిన చెట్టునూ పక్కపక్కన పెట్టి ఇంకొక ఫొటో తియ్యి. కొమ్మను అడ్డంగా కోసి లోపలి బెండు కనిపించేలా ఒకటి. రాత్రి ఎంతసేపైనా మెలకువగానే ఉంటాను, పంపించు.

నాన్న