కోడ్ చూసి పార్టు మార్చేస్తే ఎలా?

సంపాదకుడు గారికి,

కారు డాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలిగితే చాలు, స్కానర్ పెట్టడం, కోడ్ చదవడం, పార్టు మార్చాలనడం మన సర్వీస్ సెంటర్లలో ఆనవాయితీ అయిపోయింది. మొన్న మా కారుకు పి-0010 వచ్చింది. వాల్వులు తెరుచుకునే సమయాన్ని ఇంజిన్ వేగాన్ని బట్టి ముందుకూ వెనక్కూ జరిపే వీవీటీ సోలనాయిడ్ (కరెంటుతో పనిచేసే ఆయిల్ వాల్వు) సర్క్యూట్‌కు సంబంధించిన కోడ్ అది. పికప్ పడిపోయింది, మైలేజీ తగ్గింది. ఓ సర్వీస్ సెంటర్‌లో సోలనాయిడ్ మార్చాలి, ఈసీఎం (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) కూడా పోయి ఉండొచ్చు అంటూ ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఒక్క వైరు కూడా ముట్టుకోకుండానే!

సాగర్ రోడ్డులో ఒక పాతకాలపు ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లాను. సాకెట్ ఊడదీసి సోలనాయిడ్‌కు మల్టీమీటర్ పెట్టాడు. ఏడున్నర ఓమ్‌లు చూపించింది, అంటే లోపలి తీగచుట్ట, అదే కాయిల్, బాగానే ఉంది. కీ ఆన్ చేస్తే సాకెట్‌లోకి 12 వోల్టులు వస్తున్నాయి. ఈసీఎం వైపు వెళ్లే రెండో వైరులోనే కంటిన్యూటీ లేదు, అంటే వైరు మధ్యలో ఎక్కడో తెగింది. పైన చుట్టిన టేపు విప్పితే ఎలుక కొరికిన చోట రాగి పోగులు పచ్చగా చిలుం పట్టి తెగిపోయి ఉన్నాయి. ఇన్ని రైస్ మిల్లులున్న మిర్యాలగూడలో ముందుగా అనుమానించాల్సింది ఎలుకను కాదా?

పి-0010 సర్క్యూట్‌లో తేడా ఉందని మాత్రమే చెబుతుంది. ఆ తేడా కాయిల్‌లోనా, సాకెట్‌లోనా, వైరులోనా, ఈసీఎంలోనా అన్నది మనిషే తేల్చాలి. అదే వాల్వుల సమయం ఉండాల్సిన దానికంటే ముందుకో వెనక్కో జరిగిందని చెప్పే పి-0011, పి-0012 అయితే చాలాసార్లు గొడవ కరెంటుది కాదు, ఆయిల్‌ది. సకాలంలో మార్చని ఆయిల్ మడ్డిలా మారి సోలనాయిడ్ వాల్వు జాలీకి అడ్డం పడుతుంది. రెండు రకాల కోడ్‌లకూ కొత్త సోలనాయిడే మందు అంటే ఎట్లా?

తప్పంతా మెకానిక్‌లదే అనను. విడిభాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని 2014లోనే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలను తప్పుపట్టింది. 2022 డిసెంబరులో కేంద్రం రిపేరు సమాచారం అందుబాటులో ఉంచేందుకు రైట్ టు రిపేర్ పోర్టల్ కూడా తెచ్చింది. అయినా మా ఎలక్ట్రీషియన్ దగ్గర ఆ కారు వైరింగ్ డయాగ్రామ్ లేదు, అనుభవంతోనే నెట్టుకొచ్చాడు.

రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలుపెట్టారు కదా, నల్లగొండ జిల్లా పిల్లలకు స్కానర్ పట్టుకోవడంతో పాటు సాకెట్ విప్పి మీటర్ పెట్టడం కూడా అక్కడ నేర్పాలి. సర్వీస్ సెంటర్లు కూడా కోడ్ నంబరు, కొలిచిన ఓమ్‌లు, వోల్టులు జాబ్ కార్డు మీద రాశాకే పార్టు మార్చాలన్న నిబంధనను వినియోగదారుల వ్యవహారాల శాఖ తేవాలి. మార్చిన పాత పార్టు అడక్కుండానే డిక్కీలో పెట్టి ఇస్తే మరీ మంచిది.

— ఒక పాఠకుడు, మిర్యాలగూడ