క్రాష్ వార్త తర్వాత రావాల్సిన వార్త

సంపాదకులకు నమస్కారం.

టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు నడిచే మూడు వారాలూ హైదరాబాద్‌లో రాత్రి భోజనాల వేళకు ఫోన్ల ముందు కూర్చునేవాళ్లు ఇప్పుడు తక్కువేమీ లేరు. అక్కడ సాయంత్రం అయిదున్నరకు ముగిసే స్టేజ్ (ఒక రోజు రేసు) మనకు తొమ్మిదింటికి ముగుస్తుంది. మర్నాడు మీ క్రీడల పేజీలో ఫలితం వస్తోంది, సంతోషం. కానీ పేరున్న రైడర్ ఎవరైనా పడిపోతే "గాయంతో వైదొలిగాడు" అని ఒక్క వాక్యంతో సరిపోతోంది. ఆ పేరు మళ్లీ కనిపించేది గెలిస్తేనే, లేకపోతే "విఫలం" అన్న శీర్షిక కిందే. మధ్యలో గడిచిన నెలల సంగతి తెలియక అభిమానులు అతన్ని మరిచిపోతున్నారు, లేదా తొందరపెడుతున్నారు. ఆ నెలల్లో ఏం జరుగుతుందో మీ పాఠకులకు చెప్పాలనే ఈ ఉత్తరం.

సైక్లిస్టులకు అన్నిటికంటే ఎక్కువగా విరిగేది కాలర్‌బోన్. పడేటప్పుడు చెయ్యి దానంతటదే ముందుకు చాచుకుంటుంది. నేల దెబ్బ అరచేతి నుంచి మోచేయి, భుజం మీదుగా వచ్చి ఆ వంకర ఎముకను నడిమికి విరుస్తుంది. మనకైతే చేతికి పట్టీ కట్టి ఆరు వారాలు ఆగమంటారు. ప్రొఫెషనల్‌కు చాలాసార్లు రెండు మూడు రోజుల్లోనే ప్లేటు పెట్టి, ఆరో ఎనిమిదో స్క్రూలు బిగిస్తారు. వారం పది రోజులకు ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను కదలకుండా బిగించి తొక్కే స్టాండు) మీద తొక్కుతున్న ఫొటో వస్తుంది, కింద "వచ్చేశాడు" అని వేల కామెంట్లు. ట్రైనర్‌కు కాళ్లు చాలు. రోడ్డు మీద స్ప్రింట్ కొట్టాలంటే రెండు చేతులతో హ్యాండిల్ గుంజాలి. రాళ్లు పరిచిన బెల్జియం దారుల్లో ప్రతి కుదుపూ భుజానికే తగులుతుంది. ప్లేటు చర్మం కిందే ఉంటుంది కాబట్టి బిబ్ షార్ట్స్ (సైక్లింగ్ నిక్కరు) భుజం పట్టీ రాసుకుని మంట పెడుతుంది. కొన్ని నెలలకు ప్లేటు తీయిస్తే, స్క్రూల రంధ్రాలు పూడేదాకా ఎముక మళ్లీ బలహీనమే. ఆ రోజుల్లో రైడర్ గుంపులో జాగ్రత్తగా వెనక ఉంటే దాన్ని పిరికితనం అనకూడదు.

పక్కటెముకలకు ఆపరేషన్ అరుదు, కాలమే మందు. కొండ ఎక్కేటప్పుడు ప్రొఫెషనల్ రైడర్ నిమిషానికి 150 లీటర్లకు పైగా గాలి పీల్చి వదులుతాడు. నొప్పికి భయపడి పైపైన పీలిస్తే కాళ్లలో బలం ఉన్నా ఎక్కలేడు. ఊపిరితిత్తికి చిల్లు పడి గాలి చేరితే కొన్ని వారాలు విమానం కూడా ఎక్కనివ్వరు. ఎత్తైన కొండల మీద పెట్టుకున్న శిక్షణ శిబిరాల తేదీలన్నీ తారుమారవుతాయి. 2024 ఏప్రిల్ 4న బాస్క్ కంట్రీ రేసులో యోనాస్ వింగెగోకు కాలర్‌బోన్, పక్కటెముకలు విరిగాయి, ఊపిరితిత్తి దెబ్బతింది. 12 రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. పడిన 86వ రోజున టూర్ మొదలైంది, అతను బరిలో ఉన్నాడు. 11వ స్టేజ్‌లో ఆ ఏడాది టూర్ విజేత తదేయ్ పొగాచర్‌ను స్ప్రింట్‌లో ఓడించాడు. చివరికి 6 నిమిషాల 17 సెకన్ల తేడాతో రెండో స్థానం. దీన్ని "టైటిల్ చేజార్చుకున్నాడు" అని రాయడం మాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అప్పటికి మూడు నెలల కిందట ఆ మనిషి సరిగా ఊపిరి కూడా తీసుకోలేని స్థితిలో ఉన్నాడు.

తొడ ఎముక సంగతి వేరు. లోపల రాడ్ వేస్తే ఎముక మూడు నాలుగు నెలల్లో అతుక్కుంటుంది, కండ మాత్రం అంత త్వరగా రాదు. కొన్ని వారాలు మంచం పడితేనే తొడ చుట్టుకొలత కంటికి కనిపించేంత తగ్గుతుంది. రెండు వైపులా విడివిడిగా కొలిచే పవర్ మీటర్ పెడల్స్‌లో 50–50 ఉండాల్సిన లెక్క 55–45కు జారుతుంది. బాగున్న కాలు ఎక్కువ మోసి దాని మోకాలు నొప్పి మొదలవుతుంది. రెండు కాళ్ల పొడవులో కొన్ని మిల్లీమీటర్ల తేడా వస్తే బూటును పెడల్‌కు పట్టించే క్లీట్ కింద పలక వేస్తారు, శాడిల్ ఎత్తు మళ్లీ చూస్తారు. తుంటి మడత తగ్గించడానికి 172.5 మి.మీ. క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) తీసి 165 పెట్టడమూ ఉంది. ఇవన్నీ కుదిరాకే అసలు శిక్షణ.

కొలంబియా రైడర్ ఎగాన్ బెర్నాల్ 2022 జనవరి 24న బొగోటా దగ్గర శిక్షణలో ఆగి ఉన్న బస్సును గుద్దాడు. తొడ, మోకాలి చిప్ప, వెన్నుపూసలు, పక్కటెముకలు కలిపి దాదాపు 20 చోట్ల విరిగాయి. ఏడు నెలలు తిరక్కుండానే రేసుకు వచ్చాడు. కానీ మళ్లీ గెలిచింది 2025 ఫిబ్రవరిలో, సొంత దేశపు జాతీయ పోటీల్లో. అదే ఏడాది సెప్టెంబర్‌లో స్పెయిన్‌లో జరిగే మూడు వారాల రేసు వుయెల్టాలో స్టేజ్ గెలిచాడు. మూడేళ్లపాటు ఫలితాల పట్టికలో కింది వరుసల్లో అతని పేరు వెతుక్కున్నవాళ్లే ఆ రోజు విలువ ఎరిగినవాళ్లు. అందరికీ ఇలా జరగదని కూడా చెప్పాలి. నాలుగు టూర్‌లు గెలిచిన క్రిస్ ఫ్రూమ్‌ను 2019 జూన్‌లో టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరూ విడిగా కాలంతో పోటీపడే రేసు) దారి చూసుకుంటూ వెళ్తుండగా, ముక్కు చీదడానికి హ్యాండిల్ మీంచి చెయ్యి తీసిన క్షణంలో గాలి విసిరి గోడకు కొట్టింది. తొడ, మోచేయి, పక్కటెముకలు విరిగాయి. 2020 ఫిబ్రవరిలో తిరిగి వచ్చాడు, ఆ తర్వాత ఒక్క రేసూ గెలవలేదు. ఏళ్ల తరబడి వెనక వరుసలోనే వచ్చినా రేసు పూర్తి చేయడానికి అతను పడ్డ కష్టం గెలుపుకు పడ్డదానికి తీసిపోదు. మన చేత "ఇక ఆపెయ్యి" అనిపించుకోవాల్సినంత తప్పేమీ అతను చేయలేదు.

తల దెబ్బ ఫొటోలో కనపడదు. హెల్మెట్ పగల్లేదు కాబట్టి తలకేమీ కాలేదనుకోవడం మన దగ్గరా ఉంది. పుర్రె లోపల మెదడు కుదుపుకు లోనవడానికి హెల్మెట్ పగలక్కర్లేదు. వెలుతురు భరించలేకపోవడం, నిద్ర పట్టకపోవడం, చిన్న చర్చకే అలసిపోవడం వారాల తరబడి ఉండొచ్చు. ఆ వారాల్లో ఫోన్ తెరే శత్రువు. కాబట్టి మన సందేశానికి జవాబు రాలేదని నొచ్చుకోకూడదు.

భయం గురించి ఎవరూ రాయరు. ఒకసారి గట్టిగా పడ్డవాడు దిగుడు మలుపుల్లో ఒక క్షణం ముందే బ్రేకు వేస్తాడు, గుంపు తోకకు జారతాడు. ప్రతి మలుపు తర్వాతా ముందున్నవాళ్లు వేగం అందుకుంటే తోకలో ఉన్నవాడు దాదాపు స్ప్రింట్ కొట్టి అందుకోవాలి. వంద మలుపులంటే వంద స్ప్రింట్లు. చివరి కొండకు కాళ్లు ఖాళీ. టీవీలో మనకు కనిపించేది "కొండ మీద వెనకబడ్డాడు" అన్నది మాత్రమే, కారణం గంట కిందటి దిగుడులో ఉంటుంది. అన్నెమీక్ వాన్ వ్లూటెన్ 2016 రియో ఒలింపిక్స్ రోడ్ రేసులో ముందంజలో ఉండి దిగుడులోనే పడింది, నడుము దగ్గర మూడు వెన్నుపూసలు చిట్లాయి. మరుసటి ఏడాది టైమ్ ట్రయల్‌లో ప్రపంచ చాంపియన్, టోక్యోలో అదే పోటీలో ఒలింపిక్ స్వర్ణం.

అందుకే తిరిగి వచ్చిన మొదటి రేసులో స్థానం చూడొద్దు. రేసు పూర్తి చేశాడా, గుంపులో ఎన్నో వంతులో ఉన్నాడు, ఎన్నో కిలోమీటరు దగ్గర వదిలేశాడు, పలు రోజుల రేసైతే రెండో వారం తట్టుకున్నాడా, ఇవి చూడాలి. రెంకో ఎవెనెపుల్ 2020 ఆగస్టులో లొంబార్డియా రేసులో వంతెన మీంచి లోయలోకి పడి కటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. తొమ్మిది నెలల తర్వాత అతను దిగిన మొదటి రేసే ఇటలీలో మూడు వారాలు సాగే జీరో డి ఇటాలియా (జీరో). మొదటి వారం అదరగొట్టేసరికి అందరూ గెలుపు గురించే మాట్లాడారు. మట్టి రోడ్ల స్టేజ్‌లో రెండు నిమిషాలకు పైగా కోల్పోయి, మూడో వారంలో తప్పుకున్నాడు. 2022లో వుయెల్టా, ప్రపంచ టైటిల్, 2024 పారిస్‌లో రెండు ఒలింపిక్ స్వర్ణాలూ అతనివే. ఆ జీరో నాడు "అయిపోయాడు" అన్న మాటలు ఎంత తొందరపాటువో ఇప్పుడు లెక్క తేలింది.

అభిమానం దారి తప్పితే ఎంత హానో 2020 పోలండ్ టూర్ చూపించింది. కటోవిట్సేలో స్ప్రింట్‌లో డిలన్ గ్రూనెవెగెన్ దారి మళ్లడంతో ఫాబియో యాకబ్సన్ బారికేడ్లలోకి దూసుకెళ్లాడు, వైద్యులు అతన్ని కృత్రిమ కోమాలో ఉంచాల్సి వచ్చింది. గ్రూనెవెగెన్‌కు తొమ్మిది నెలల నిషేధం పడింది, అది న్యాయమే. ఆ పైన అతనికీ కుటుంబానికీ బెదిరింపులు వెళ్లాయి. అది యాకబ్సన్‌కు చేసిన సాయం కాదు. 2022 టూర్‌లో వరుసగా రెండు రోజులు యాకబ్సన్ ఒక స్టేజ్, గ్రూనెవెగెన్ తర్వాతి స్టేజ్ గెలిచారు. ఆ రెండు గెలుపులకూ చప్పట్లు కొట్టగలగాలి. ఇక 2021 టూర్ మొదటి రోజు కెమెరాకు అట్ట చూపిస్తూ రోడ్డు మీదికి వంగిన ఒక ప్రేక్షకురాలి వల్ల గుంపులో చాలామంది కూలిపోయారు. రోడ్డు అంచు గీతకు ఒక అడుగు వెనక నిలబడటం, ఫోన్ దించి కంటితో చూడటం, పక్కన పరుగెత్తకపోవడం చాలు. సాయపడే సమయమూ వస్తుంది. 2023 జీరోలో మోంటే లుస్సారి కొండ మీద స్లొవేనియా రైడర్ ప్రిమోజ్ రోగ్లిచ్ చైన్ జారినప్పుడు దారి పక్కనుంచి వచ్చి తోసినవాడు అతని పాత స్కీ జంపింగ్ సహచరుడే. రోగ్లిచ్ 14 సెకన్ల తేడాతో జీరో గెలిచాడు. 2020లో టూర్ పసుపు జెర్సీని (మొత్తం మీద ముందున్నవాడు వేసుకునేది) చివరి టైమ్ ట్రయల్‌లో కోల్పోయినవాడు ఇతనే. అతని దేశస్థులు ఆ మూడేళ్లూ కొండలెక్కడం మానలేదు.

ఇప్పుడు మన ఊరి సంగతి. గండిపేట వైపు, ఔటర్ రింగ్ రోడ్ (ఓఆర్‌ఆర్) సర్వీస్ రోడ్లలో, అనంతగిరి ఎక్కుడులో తెల్లవారుజామున శిక్షణ చేసే కుర్రాళ్లూ అమ్మాయిలూ ఎందరో ఉన్నారు. ఎవరైనా పడితే చెయ్యి పట్టి లేపొద్దు, హెల్మెట్ తీయొద్దు. ఒకరు యాభై, వంద మీటర్లు వెనక్కి వెళ్లి వచ్చేవాళ్లను ఆపాలి. 108కి ఫోన్ చేసి దగ్గరి ఎగ్జిట్ నంబరు చెప్పాలి. ఆపరేషన్ అవసరం పడొచ్చు కాబట్టి నీళ్లు తాగించొద్దు. దెబ్బ తిన్న హెల్మెట్ బయటికి బాగున్నా లోపలి ఫోమ్ నలిగి ఉండొచ్చు, పారేయాల్సిందే. కార్బన్ హ్యాండిల్, ఫోర్క్ మెకానిక్ విప్పి చూడకుండా మళ్లీ ఎక్కొద్దు. డిరైల్యూర్ (వెనక గేరు మార్చే భాగం) హ్యాంగర్ వంగి ఉంటే అన్నిటికంటే తేలిక గేరులో డిరైల్యూర్ చక్రపు ఊచల్లోకి పోయి రెండోసారి పడేస్తుంది.

కోలుకుంటున్న రైడర్‌కు పూలగుత్తి కంటే ట్రైనర్ అరువివ్వడం మేలు. వెనక చక్రం తీసి బిగించే రకమైతే ముందు కొలతలు చూడండి: డిస్క్ బ్రేక్ సైకిళ్లకు సాధారణంగా 12 మి.మీ. త్రూ యాక్సిల్ (చక్రం గుండా దూర్చి బిగించే ఇరుసు), 142 మి.మీ. వెడల్పు, పాత రిమ్ బ్రేక్ వాటికి క్విక్ రిలీజ్ (మీటతో బిగించే ఇరుసు), 130 మి.మీ. వెడల్పు ఉంటాయి. అడాప్టర్ లేకపోతే, క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల వరుస) 11 స్పీడా 12 స్పీడా సరిపోలకపోతే ట్రైనర్ మూలన పడి ఉంటుంది. దాంతోపాటు ఒక పెద్ద ఫ్యాన్ ఇవ్వండి. మన ఎండాకాలంలో గదిలో గాలి ఆడకపోతే అదే శ్రమకు గుండె వేగం పెరుగుతూ పోతుంది, శిక్షణ లెక్క తప్పుతుంది. డాక్టర్ సరేనన్నాక మొదటి రోజులు ఇరవై నిమిషాలు, తేలిక గేరు. ఇళ్లలో ఎక్కువగా ఆగిపోయేది ఫిజియోథెరపీ. కట్టు విప్పగానే అయిపోయిందనుకుంటారు, డబ్బు కూడా అప్పటికే అయిపోతుంది. స్నేహితులు చందా వేసుకుంటే ఆ పది పదిహేను సిట్టింగులకు వేసుకోవాలి. మళ్లీ రోడ్డెక్కే మొదటి రోజులకు ఓఆర్‌ఆర్ పక్కన సోలార్ పైకప్పు ఉన్న 23 కిలోమీటర్ల ట్రాక్ మంచిది, వాహనాలు రావు. పక్కన ఒకరు తోడుండాలి. వేగం అడగొద్దు, స్ట్రావా యాప్‌లో పాత టైమింగ్‌తో పోల్చొద్దు.

మీకు మా విన్నపం చిన్నది. క్రాష్ వార్త వేసేటప్పుడు ఏ ఎముక విరిగింది, ఆపరేషన్ అయిందా, తలకు దెబ్బ ఉందా, ఈ మూడూ రాయండి. నెలకోసారి క్రీడల పేజీ మూలన ఒక పెట్టె కట్టి, కోలుకుంటున్న రైడర్లు ఏ దశలో ఉన్నారో నాలుగు వరుసల్లో చెప్పండి. కాలు కోల్పోయాక సైకిల్ ఎక్కి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో పోటీపడిన నంద్యాల షేక్ అర్షద్ లాంటి మనవాళ్లకూ, జిల్లా పోటీల్లో పడి ఇంట్లో ఉన్న పిల్లలకూ ఆ పెట్టెలో చోటివ్వండి.

ఇట్లు,
కొందరు సైక్లింగ్ అభిమానులు,
హైదరాబాద్