రాసుకో బటన్ సంగతి

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

నిన్న నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. "యాప్‌లో బటన్ పెట్టడం ఒక్క లైనే కదరా, దాన్ని నచ్చినట్టు మార్చుకోవడం ఎలాగో వాట్సాప్‌లో రెండు ముక్కలు పంపు" అన్నావు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదురా ఇది. ఈ జీడిపిక్కల సీజనంతా నేను ఒకే ఒక్క బటన్ మీద కూర్చున్నాను. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. టీ పెట్టుకుని చదువు.

మావయ్య కొట్టు నువ్వు చూసిందే. వేసవి మొదలైందంటే చాలు, కొండల మీంచి పిక్కలు దిగుతాయి. సవర వాళ్లు, ఒడియా రైతులు, మహేంద్రతనయ దాటి పాతపట్నం వైపు నుంచి వచ్చే మనవాళ్లు, అందరూ అదే కాటా దగ్గర నిలబడతారు. బస్తా కాటా ఎక్కుతుంది, మావయ్య తూకం చూసి "రాసుకో" అంటాడు, గుమస్తా రాసుకుంటాడు. ఈ ఏడాది గుమస్తా మానేశాడు. ఆ పుస్తకాన్నే ఫోన్‌లోకి తెద్దామని రియాక్ట్ నేటివ్‌లో, అంటే ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ యాప్ చేసే సాధనంలో, చిన్న యాప్ రాశాను. రైతు పేరు, కిలోలు, కింద ఒక బటన్. అంతకంటే ఏమీ లేదు.

మొదటి వారంలోనే లెక్క తప్పింది. గోడౌన్‌లో ఉన్న బస్తాల కంటే యాప్‌లో ఎక్కువ బస్తాలున్నాయి. అదే రైతు, అవే కిలోలు, అదే నిమిషం, రెండేసి సార్లు. మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు గానీ, ఎర్ర అట్ట పుస్తకం మళ్లీ బయటికి తీసి పక్కన పెట్టుకున్నాడు. అది చూస్తే నాకు కడుపులో దేవినట్టయింది.

మర్నాడు కోడ్ జోలికి పోలేదు. కాటా పక్కన స్టూలు వేసుకుని పొద్దుట నుంచి మధ్యాహ్నం దాకా మావయ్య వేలినే చూస్తూ కూర్చున్నాను. ఆయన ప్రతిసారీ బటన్‌ని రెండుసార్లు నొక్కుతున్నాడు. "ఎందుకు మావయ్యా?" అంటే, "ఒకసారి నొక్కితే పలకదురా నీ బటన్" అన్నాడు.

నిజమే, పలకడం లేదు. కిలోలు టైపు చేశాక కీబోర్డు ఇంకా పైకి లేచే ఉంటుంది కదా. రియాక్ట్ నేటివ్‌లో స్క్రోల్‌వ్యూ, అంటే పైకీ కిందికీ జరిగే పెట్టె, లోపల బటన్ పెడితే, కీబోర్డు తెరిచి ఉన్నప్పుడు వేసిన మొదటి నొక్కు కీబోర్డుని మూయడానికే ఖర్చయిపోతుంది, బటన్ దాకా చేరదు. అది దాని మామూలు పద్ధతి. స్క్రోల్‌వ్యూకి కీబోర్డ్‌షుడ్‌పర్సిస్ట్‌ట్యాప్స్ అనే ప్రాప్ (బయటి నుంచి ఇచ్చే సెట్టింగ్) ఉంది, దానికి హ్యాండిల్డ్ అని విలువ ఇస్తే మొదటి నొక్కే బటన్‌కి అందుతుంది. నాకు అది తెలియదు. నేను పరీక్షించినప్పుడల్లా ముందు కీబోర్డు మూసి, తర్వాతే బటన్ నొక్కేవాణ్ణి. పాపం మావయ్య రెండు నొక్కులు అలవాటు చేసుకున్నాడు. ఎప్పుడైనా కీబోర్డు ముందే మూసి ఉంటే ఆ రెండు నొక్కులూ బటన్‌కే తగిలేవి. బస్తా రెండయ్యేది.

ఇంక నీ ప్రశ్నకి వస్తాను. రియాక్ట్ నేటివ్‌లో నొక్కే వస్తువు చేయడానికి మూడు దారులున్నాయి. మొదటిది బటన్ అనే పేరుతోనే ఉన్నది. పైన రాసే మాట, నొక్కితే నడిచే ఫంక్షన్, రంగు, ఇంచుమించు అంతే దానికి చెప్పుకోగలిగేది. ఆండ్రాయిడ్‌లో రంగు పూసిన పెట్టెలా, ఐఫోన్‌లో ఉత్త నీలం అక్షరాల్లా కనిపిస్తుంది. నువ్వు అంచులు గుండ్రంగా కావాలన్నావుగా, దాంతో కుదరదు. రెండోది టచబుల్ కుటుంబం. టచబుల్‌ఒపాసిటీ నొక్కినప్పుడు మసకబారుతుంది, నువ్వేమీ చెప్పకపోతే 0.2 దాకా పలచబడుతుంది. చాలా పాఠాల్లో ఇప్పటికీ ఇదే కనిపిస్తుంది, పని కూడా బాగానే చేస్తుంది. మూడోది ప్రెసబుల్. 2020లో 0.63 వెర్షన్‌తో వచ్చింది. కొత్తగా మొదలుపెడుతున్నావు కాబట్టి నేరుగా దీనికే వెళ్లు.

ప్రెసబుల్‌లో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, దాని స్టైల్‌కి ఒక ఫంక్షన్ ఇవ్వచ్చు. ఇప్పుడు వేలు మీద ఉందా లేదా అన్నది ఆ ఫంక్షన్‌కి తెలుస్తుంది. వేలుంటే ముదురు ఆకుపచ్చ, లేకపోతే మామూలు ఆకుపచ్చ, అలా రాసుకోవచ్చు. లోపల ఏమైనా పెట్టుకో, బొమ్మ, అక్షరాలు, రెండూ కలిపి. ఆండ్రాయిడ్‌లో నీటిలో రాయి వేసినట్టు అల విచ్చుకునే రిపుల్ కావాలంటే దానికీ వేరే ప్రాప్ ఉంది. కానీ అంచులు గుండ్రంగా చేస్తే ఆ అల మూలల బయటికి పొంగుతుంది. బయట ఇంకో వ్యూ (ఉత్త పెట్టె) చుట్టి, దానికి గుండ్రటి అంచు ఇచ్చి, ఓవర్‌ఫ్లో హిడెన్ (బయటికి పొంగింది దాచెయ్) అని పెట్టు, ఆగుతుంది.

మొదట్లో అందరం చేసే తప్పు ఒకటి చెప్తాను, నీ సాయంత్రం ఒకటి మిగులుతుంది. ఆన్‌ప్రెస్ అంటే నొక్కితే ఏం నడవాలో చెప్పే ప్రాప్, దానికి ఫంక్షన్ పేరు మాత్రం ఇవ్వాలి. పేరు పక్కన బ్రాకెట్లు పెట్టి పిలిచేశావనుకో, స్క్రీన్ తయారవుతుండగానే, ఎవరూ ముట్టుకోకుండానే అది నడిచిపోతుంది. అందులో స్టేట్ (మారితే స్క్రీన్‌ని మళ్లీ తయారు చేయించే విలువ) కూడా మారిస్తే స్క్రీన్ మళ్లీ మళ్లీ తయారై ఎర్ర ఎర్రర్ వస్తుంది. దానికి ఏదైనా విలువ పంపాలంటే బాణం గుర్తు ఫంక్షన్‌లో చుట్టి పంపు.

ఇంకో సంగతి నేను మావయ్య వేలు చూసే నేర్చుకున్నాను. ఆన్‌ప్రెస్ నడిచేది వేలు ఆనినప్పుడు కాదు, ఎత్తినప్పుడు. ఒక రైతు "ఆగు ఆగు, బస్తాలో ఇంకా ఉన్నాయి" అంటే, అప్పటికే బటన్ మీద ఉన్న వేలిని మావయ్య పక్కకి జరిపి ఎత్తేశాడు. ఎంట్రీ పడలేదు! ఆయనకి ఎవరూ నేర్పలేదది. అందుకే ఎంత తొందరైనా పనిని ఆన్‌ప్రెస్‌ఇన్‌లో పెట్టకు. వేలు ఆనగానే జరిగిపోతే మనసు మార్చుకునే వీలు పోతుంది.

కీబోర్డు సంగతి సరిచేశాక కూడా అప్పుడప్పుడు రెండేసి పడుతూనే ఉన్నాయి. ఈసారి కారణం సిగ్నల్. కొండ పక్కన కదా, నెట్ ఒక్కోసారి నాలుగైదు సెకన్లు ఊపిరి బిగబడుతుంది. నొక్కాడు, ఏమీ కదల్లేదు, మళ్లీ నొక్కాడు. ఎవరైనా అదే చేస్తారు. పిలిస్తే పలకని మనిషిని మనం రెండోసారి పిలవమా? కాబట్టి నొక్కగానే బటన్ మారాలి. ఇప్పుడు మావయ్య యాప్‌లో వేలు ఎత్తీ ఎత్తగానే "రాసుకుంటోంది" అని వస్తుంది, పక్కన చిన్న చక్రం తిరుగుతుంది, బటన్ బూడిద రంగులోకి పోయి ఇంకో నొక్కు తీసుకోదు. పనయ్యాక "రాసుకుంది" అని ఒక్క క్షణం కనిపించి మామూలు రంగుకి వస్తుంది.

ఇక్కడ కొంచెం జాగ్రత్త. బిజీగా ఉందన్న గుర్తుని స్టేట్‌లో పెడితే, అది అమల్లోకి వచ్చేది స్క్రీన్ తర్వాతిసారి తయారైనప్పుడే. ఆ సందులో చురుకైన వేలు ఇంకో నొక్కు వేసేయగలదు. అందుకని రంగు మార్చడానికి స్టేట్ వాడు, రెండో నొక్కుకి తాళం వేయడానికి మాత్రం యూజ్‌రెఫ్ వాడు, అది స్క్రీన్‌ని కదపకుండా విలువ దాచుకునే చోటు, దాని విలువ అప్పటికప్పుడే మారుతుంది. తాళం తీసే లైనుని ఫైనల్లీలో, అంటే పని అయినా చెడినా చివర నడిచే భాగంలో, పెట్టడం మరిచిపోకు. నేను మరిచిపోయాను. నెట్ పోయి ఎర్రర్ వచ్చినప్పుడు బటన్ బూడిద రంగులోనే ఉండిపోయింది, వాకిట్లో ఆరుగురు బస్తాలు పట్టుకుని నిలబడ్డారు. ఆ పది నిమిషాల టెన్షన్ నీకు వద్దు.

ఇంత చేసినా బటన్ ఒక్కదాని వల్ల కాదు. ఎంట్రీ సర్వర్‌లో (లెక్కలన్నీ దాచే దూరపు కంప్యూటర్‌లో) పడిపోయి, జవాబు మాత్రం దారిలో పోయిందనుకో. యాప్ మళ్లీ పంపుతుంది. అందుకే ఫోన్‌లోనే ప్రతి ఎంట్రీకి ఒక ఐడీ, దానికి మాత్రమే ఉండే గుర్తు, పుట్టించి పంపుతున్నాను. అదే ఐడీతో రెండోసారి వస్తే సర్వర్ కొత్తది రాయదు. ఇది పెట్టాకే ఎర్ర అట్ట పుస్తకం అలమరలోకి వెళ్లింది.

సైజు సంగతి. ఆండ్రాయిడ్ వాళ్లు నొక్కే చోటు కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్ స్క్రీన్ కొలత) పొడవూ వెడల్పూ ఉండాలంటారు, యాపిల్ వాళ్లు 44 పాయింట్లు అంటారు. పిక్కల జీడి అంటిన మావయ్య వేళ్లకి 48 కూడా చాల్లేదు, పెద్ద బటన్‌ని 64 చేశాను. ఎంట్రీ తీసేసే చెత్తబుట్ట గుర్తు మాత్రం 24 ఉంటేనే చూడ్డానికి బాగుంటుంది. దానికి హిట్‌స్లాప్ అనే ప్రాప్ ఉంది, నాలుగు వైపులా 12 ఇస్తే గుర్తు 24 లాగే కనిపిస్తూ 48 లాగా నొక్కుడు తీసుకుంటుంది. కాకపోతే అది పేరెంట్ వ్యూ, అంటే దాన్ని లోపల పెట్టుకున్న పెట్టె, గట్టు దాటి పోదు. పేరెంట్ ఇరుకుగా ఉంటే నువ్వెంత ఇచ్చినా దండగే. నాకు ఒక పూట పోయింది అక్కడ. తీసేసే గుర్తుని "రాసుకో"కి దూరంగా పెట్టు, అది నొక్కగానే ఒకసారి అడుగు. ఐదొందల మిల్లీసెకన్లు నొక్కి పట్టుకుంటే నడిచే ఆన్‌లాంగ్‌ప్రెస్ కూడా ఉంది గానీ, దాని వెనక ముఖ్యమైన పనేదీ దాచకు. కనపడని దాన్ని అత్తయ్య ఎలా కనిపెడుతుంది?

ఇప్పుడు మన అక్షరాల గొడవ. ఇంగ్లిష్ పాఠాల్లో బటన్‌కి హైట్ ఇంత అని బిగించేస్తారు. మన "స్త్రీ", "లక్ష్మి" లాంటివి అందులో పెట్టి చూడు, ఒత్తుల కాళ్లు తెగిపోతాయి. ఒడియాలోనూ ఒత్తులు కిందికి దిగుతాయి, అదే బాధ. హైట్ బదులు మిన్‌హైట్ (కనీస ఎత్తు) ఇచ్చి పైనా కిందా ప్యాడింగ్ (ఖాళీ) పెట్టు, లైన్‌హైట్‌ని (వరుస ఎత్తుని) అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు ఉంచు. వెడల్పు కూడా బిగించకు. నాలుగు ఇంగ్లిష్ అక్షరాల మాట తెలుగులో ఎంత పొడుగవుతుందో నీకు తెలుసు. మావయ్య ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని ఉంటాయి, వాటితో పాటు బటన్ కూడా సాగాలి. కొంతమంది డిజైన్ చెదురుతుందని అలౌఫాంట్‌స్కేలింగ్, అంటే ఫోన్ సెట్టింగ్‌ని బట్టి అక్షరాలు పెరగనిచ్చే ప్రాప్, ఆపేస్తారు. కళ్లు మసకబారిన మనిషి పెద్దక్షరాలు అడుగుతుంటే మనం కాదనడం తప్పురా, నేను గట్టిగానే చెప్తున్నాను. రంగు కూడా ఎండలో చూసి తేల్చుకో. అక్షరానికీ వెనక రంగుకీ కనీసం 4.5:1 తేడా ఉండాలని లెక్క. నేను ముచ్చటపడి పెట్టిన లేత జీడిపండు పసుపు మీద తెల్ల అక్షరాలు కాటా దగ్గర అసలు కనిపించలేదు.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది ఆ బటన్ మీది మాట గురించి. మొదట "సమర్పించు" అని పెట్టాను. మావయ్య చదివి, "ఎవరికిరా సమర్పించడం, నీలమణి దుర్గమ్మకా?" అన్నాడు. "భద్రపరచు" అని మార్చాను, దాన్ని చూసి ఇంట్లో దాచిపెట్టడం అనుకున్నారు. కాటా దగ్గర కూర్చున్న రోజు ఆయన నోట ఎన్నిసార్లు "రాసుకో" విన్నానో! అదే పెట్టాను. ఆ తర్వాత ఎవరూ అర్థం అడగలేదు. ఒడియా రైతులు తమ ఎంట్రీ తామే చూసుకునే స్క్రీన్‌లో కూడా నా అంతట నేను మాట పెట్టలేదు, వాళ్లనే అడిగి పెట్టాను.

గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లోనే కదరా పాఠాలు చెప్పారు. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని పోరాడారు, సవరల కోసం సవర భాష నేర్చుకుని నిఘంటువు చేశారు. 1936లో పర్లాకిమిడి ఒడిశా వైపు పోయినప్పుడు రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన నడిచిన వీధుల్లో కూర్చుని బటన్ మీద "సమర్పించు" అని రాసినందుకు నాకు నిజంగా సిగ్గేసింది.

చూపు లేని వాళ్ల కోసం కూడా రెండు మాటలు. ఉత్త బొమ్మ ఉన్న బటన్‌కి యాక్సెసిబిలిటీ లేబుల్ (చదివి వినిపించే పేరు) ఇవ్వు, రోల్, అంటే అదేం వస్తువో, బటన్ అని చెప్పు. ఆండ్రాయిడ్‌లో స్క్రీన్‌ని చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆ పేరే చదువుతుంది. ఒకసారి కళ్లు మూసుకుని నీ యాప్ వాడి చూడు, ఏది తక్కువైందో నీకే తెలుస్తుంది.

ఇదంతా ప్రతి స్క్రీన్‌లో మళ్లీ మళ్లీ రాయకు. నీ సొంత బటన్ కాంపోనెంట్ (ఎక్కడైనా మళ్లీ వాడుకునే ముక్క) ఒకటి చేసుకో. మాట, పని, మామూలుదా ప్రమాదకరమైనదా, బిజీగా ఉందా, ఈ నాలుగూ బయటి నుంచి ఇవ్వు. రంగులు, తాళం, సైజు అన్నీ లోపలే ఉంటాయి. రేపు ఆకుపచ్చ నచ్చకపోతే ఒక్కచోట మారిస్తే చాలు.

అత్తయ్య నిన్ను మరీ మరీ అడిగింది. వచ్చే శనివారం సెలవు దొరికితే నౌపడలో గుణుపురం బండి ఎక్కి వచ్చేయ్. నువ్వు చేసిన స్క్రీన్ ఫోన్‌లో వేసుకుని రా. ఏమీ చెప్పకుండా మావయ్య చేతికిద్దాం, కాటా పక్కన స్టూలు మీద ఇద్దరం కూర్చుని ఆయన వేలు చూద్దాం. ఈసారి స్టూలు నీది, నేను బస్తా మీద కూర్చుంటాను.

నీ
పర్లాకిమిడి బావ