నేర్పకుండానే అనుభవం అడిగితే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

మా అబ్బాయి ఒడిశాలోని రాయగడలో ఐటీఐ ఫిట్టర్ పాసై ఏడాదైంది. ఏ గేటు దగ్గరికెళ్లినా 'అనుభవం ఉందా?' అనే ప్రశ్నే. ఎవరూ నేర్పకపోతే అదెక్కడి నుంచి వస్తుంది?

1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం 30 మంది, ఆపైన పనిచేసే సంస్థలు సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను, అంటే స్టైపెండ్ (నెల భృతి) తీసుకుంటూ పని నేర్చుకునేవాళ్లను, తీసుకోవాలి. స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రమే భరిస్తుంది. అయినా నేనడిగిన ఓ మిల్లు యజమాని 'అప్రెంటిస్‌ల రిజిస్ట్రేషన్ కోసం ఆ ప్రభుత్వ పోర్టల్ టెన్షన్ మాకెందుకండీ' అన్నారు. ఆయన బాధా అబద్ధం కాదు. ఇంట్లో తెలుగు, బయట ఒడియా, ఫారాలేమో ఇంగ్లీషు!

జిల్లా పరిశ్రమల కేంద్రం వాళ్లు నెలకోసారి ఐటీఐలో కూర్చుని, యజమానుల చేత అక్కడికక్కడే రిజిస్ట్రేషన్ చేయించాలి. రిటైరవబోతున్న మేస్త్రీల పక్కన ఇద్దరేసి కుర్రాళ్లనైనా పెట్టించాలి.

- ఒక తండ్రి, రాయగడ