మా ల్యాబులో పెన్‌డ్రైవ్ పండుగ

ఒరేయ్ గుండూ,

నీ రెండు ఉత్తరాలకూ కలిపి ఒకే జవాబు రాస్తున్నాను. తిట్టాలనుకున్నవన్నీ ఇక్కడే తిట్టేసుకో, ఆ తరువాత చదువు. అర్ధ సంవత్సర పరీక్షల పేపర్లు దిద్దడంలో మునిగిపోయాను, మధ్యలో అమ్మ కంటి ఆపరేషన్. బాగా జరిగింది. ఇప్పుడు గోడ మీది బల్లిని కూడా గదమాయిస్తోంది. నీ చెల్లెమ్మ, పిల్లలు కులాసా. పొలం కౌలు సంగతి తేలలేదు, తేలితే రాస్తాను. క్షేమ సమాచారాలు ఇంతటితో సమాప్తం.

అసలు సంగతి వినరా. మా బడి కంప్యూటర్ ల్యాబులో పిల్లలు ఇప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టుకోవచ్చు!

ఇదా సంగతి, దీనికా ఇంత ఉత్తరం అని నువ్వు తిరువనంతపురంలో కూర్చుని నవ్వుతావని తెలుసు. నవ్వు. మీ కేరళలో ప్రభుత్వ బడులన్నీ ఎప్పుడో విండోస్ వదిలి లినక్సుకు మారిపోయాయి, మా బాధలు మీకెందుకు అర్థమవుతాయి? కానీ మొత్తం చదివాక నవ్వగలిగితే, వార్డెన్ గారి గొడుగు ఎవరు దాచారో నేనే ఒప్పుకుంటూ సంతకం పెట్టి పంపుతాను.

నేను ఈ బడికి రాకముందే ల్యాబులో వైరస్ పడిందట. పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల జాబితాలు, ఉన్న మెషీనుతో సహా అన్నీ మొండికేశాయి. బాగు చేయించడానికి హెచ్ఎం గారు సొంత డబ్బు పెట్టారు. ఆయన మనసులో ఆ దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది, అందుకు ఆయనను నేనేమీ అనను. అప్పుడు వచ్చిన టెక్నీషియన్ యూఎస్‌బీ పోర్టులన్నింటినీ పెన్‌డ్రైవ్‌లకు మూసేసి వెళ్లిపోయాడు. మూయడం బ్రహ్మవిద్యేమీ కాదు. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో యూఎస్‌బీస్టోర్ అనే చోట ‘స్టార్ట్’ విలువ 3 ఉంటే పెన్‌డ్రైవ్ కనిపిస్తుంది, 4 చేస్తే కనిపించదు. ఇన్నేళ్లుగా మా ల్యాబును పాలించింది ఆ ఒక్క అంకె. నేను ఫిజికల్ సైన్సు చెప్పుకుంటూ ఉంటే ‘సైన్సు మీది కాబట్టి ల్యాబు కూడా మీదే’ అని తాళం చెవి నా చేతిలో పెట్టారు. అడ్మిన్ పాస్‌వర్డ్ ఎక్కడుందని అడిగితే ఎవరికీ తెలియదు. చివరికి స్టాకు రిజిస్టరులో, చీపుర్ల కొనుగోలు కింద, పెన్సిలుతో రాసి ఉంది. ఆ టెక్నీషియన్ ఎవరో గానీ మన పుచ్చకాయకు తమ్ముడై ఉండాలి.

పదో తరగతిలో ఒక అమ్మాయి ఉంది. పేరు ఎందుకులే. కొల్లేటి అంచు ఊరు, ఆటపాక పక్షుల కేంద్రం ఆ పిల్లకు ఇంటి ముంగిలి కింద లెక్క. సైన్సు ప్రదర్శనకు కొల్లేరు మీదే ప్రాజెక్టు చేసింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు కదా, అప్పటి సంగతులు వాళ్ల తాతను అడిగి రాసుకుంది. అన్నయ్య ఫోనుతో గూడబాతుల ఫొటోలు తీసింది. నెట్ సెంటర్‌లో డబ్బులిచ్చి టైపు చేసుకుని, అంతా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని వచ్చింది. ల్యాబులో పెడితే ఏముంది, కనిపించదు. వెళ్లి హెచ్ఎం గారిని మర్యాదగా అడిగింది. రూలు రూలేనమ్మా అన్నారు. సరే సార్ అని వచ్చి, కాగితం ముందు పెట్టుకుని మొత్తం మళ్లీ టైపు చేయడం మొదలుపెట్టింది.

టైపు అయితే చేయవచ్చు. ఫొటోలో?

నేను వెనక నుంచి వెళ్లి చూసేసరికి పెయింట్‌లో మౌసుతో గూడబాతును గీస్తోంది. ముక్కు కింద సంచి కుదరక చెరుపుతోంది, మళ్లీ గీస్తోంది. ‘ఫొటోలు ఉన్నాయి కదమ్మా’ అన్నాను. ‘ఉన్నాయి సార్, లోపలికి రావు కదా’ అంది. గొంతులో ఫిర్యాదు కూడా లేదురా. అదే నన్ను... సరే, ముందుకు వెళ్తాను.

అదే వారం ఇంకోటి జరిగింది. ఎనిమిదో తరగతిలో ఒక పిడుగు ఉన్నాడు. వాడి మెషీనులో ఏవో కొత్త పాటలు కనిపించాయి. ఎక్కడి నుంచి వచ్చాయిరా అని గట్టిగా అడిగితే జేబులోంచి ఛార్జింగ్ తీగ తీశాడు. వాళ్ల అమ్మ ఫోను తెచ్చి తగిలించాడట! ఫోనును కంప్యూటర్ పెన్‌డ్రైవ్‌గా చూడదు, కెమెరాల వంటి పరికరాల జాబితాలో వేసుకుంటుంది. దాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రామే వేరు. యూఎస్‌బీస్టోర్‌లో 4 కాదు 40 పెట్టినా ఫోనుకు పట్టదు. అంటే ఇన్నాళ్లూ వీధి తలుపుకు తాళం వేసి పెరటి తలుపు బార్లా తీసి పెట్టారన్నమాట. బడికి ఫోను తేకూడదన్న నియమం ఒకటి ఉంది, దాన్ని కూడా వాడు మీరాడు. రెండు నియమాలు మీరినవాడికి పాటలు వచ్చాయి, రెండూ పాటించిన పిల్ల మౌసుతో పక్షులు గీసుకుంటోంది. నిషేధం ఆపింది ఎవరినిరా మరి?

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. (నీకు తెలుసు, నాకు నిద్ర పట్టకపోవడమంటే ఎంత పెద్ద విషయమో. ఆ విజయనగరం రైలు గుర్తుందిగా.)

మర్నాడు స్టాఫ్ మీటింగులో లేవనెత్తాను. అందరూ ఒక్కసారే మాట్లాడారు. సోషల్ మాస్టారు ఎక్కడో వీడియో చూసి వచ్చి ‘అమెరికా సైన్యమే పెన్‌డ్రైవ్‌లు నిషేధించిందయ్యా, మనమెంత’ అన్నారు. నిజమే, 2008లో నిషేధించారు. పశ్చిమాసియాలోని ఒక స్థావరంలో పెన్‌డ్రైవ్ ద్వారా కంప్యూటర్ పురుగు (వైరస్ లాంటిదే) దూరి వాళ్ల నెట్‌వర్కులంతా పాకింది. కానీ 2010లో షరతులు పెట్టి కొంతవరకు మళ్లీ అనుమతించారు, ఆ వీడియో అక్కడిదాకా చెప్పలేదేమో! పనికి అడ్డమని వాళ్లకే తెలిసొచ్చింది మాస్టారూ అన్నాను. తెలుగు మాస్టారు ‘మన కాలంలో ఇవేమైనా ఉన్నాయా’ అన్నారు. మన కాలంలో ఏమున్నాయో నాకు తెలుసు, 1.44 మెగాబైట్ల ఫ్లాపీలు ఉన్నాయి, వాటిలో నీ మూడో ఫ్లాపీ కూడా ఉంది. ఆ మాట నోటి దాకా వచ్చి ఆగింది.

హెచ్ఎం గారి భయం మాత్రం వట్టి మొండితనం కాదు. ఆయన చూసిన రోజుల్లో పెన్‌డ్రైవ్ పెడితే చాలు, అందులోది దానంతట అదే నడిచేది. 2008 చివర్లో కాన్‌ఫికర్ అనే పురుగు లోకమంతా తిరిగిన దారుల్లో ఒకటి అదే. విండోస్ 7 నుంచి పెన్‌డ్రైవ్‌లకు ఆ ఆటోరన్ తీసేశారు, 2011 ఫిబ్రవరిలో పాత విండోస్‌లకు కూడా ఆపేశారు. అదంతా ఆయనకు ఓపికగా చెప్పాను. ‘అయితే ఇప్పుడు ఏ ప్రమాదమూ లేదా?’ అన్నారు. ఉంది సార్ అన్నాను. అక్కడ లేదని చెప్పి ఉంటే మీటింగు అప్పుడే ముగిసేది. ఉందని చెప్పినందుకే, విచిత్రం చూడు, ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని ‘ఎలా చేద్దామో చెప్పండి’ అన్నారు.

ఎలా చేశామంటే, పిల్లలకు మామూలు ఖాతాలు, అడ్మిన్ హక్కులు లేవు. పెన్‌డ్రైవ్‌లోని ఫైలు చదవవచ్చు, దాంట్లో రాయవచ్చు, కానీ అందులోంచి ఏ ప్రోగ్రామూ నడవకూడదు. గ్రూప్ పాలసీ అనే విండోస్ సెట్టింగుల్లో దానికి విడిగా ఒక మీట ఉంది. డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసుకుని నడుపుతారు కదా అంటావు, నువ్వు అనకపోయినా ఆ పిడుగు అననే అన్నాడు. అందుకని విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లలో ఉన్నవి తప్ప ఇంకేవీ నడవకుండా రెండో కట్టు వేశాను. ఫోను దారి కూడా మూశాను. అయినా ఒక సందు మిగిలింది. ఈ షార్ట్‌కట్ వైరస్ ఉంది చూడు, అది చాలాసార్లు స్క్రిప్టు రూపంలో వస్తుంది. నడిచేది విండోస్‌లోని ప్రోగ్రామే, పెన్‌డ్రైవ్‌లో ఉన్నది అది చదివే పాఠం మాత్రమే. కాబట్టి నా మొదటి మీట దానికి అడ్డం రాదు.

దానికే చెక్‌పోస్టు. మూలన పడి ఉన్న పాత మెషీనులో ఉబుంటు అనే లినక్సు వేసి ల్యాబు గుమ్మం దగ్గర పెట్టాను. ప్రతి పెన్‌డ్రైవూ ముందు అక్కడ ఆగాలి. విండోస్ కోసం రాసిన పురుగు అక్కడ నడవదు. పైగా అసలు తమాషా ఏమిటంటే, ఈ వైరస్ మన ఫోల్డర్లను దాచిపెట్టి వాటి పేర్లతో దొంగ షార్ట్‌కట్‌లు పెడుతుంది కదా, లినక్సు ఆ దాచడాన్ని పట్టించుకోదు. అసలు ఫోల్డరూ, దొంగ ఫైలూ పక్కపక్కనే కనిపిస్తాయి! ఎనిమిదో తరగతి పిల్లవాడికి చూపిస్తే చాలు, వైరస్ అంటే ఏమిటో పాఠం చెప్పక్కర్లేదు. చెక్‌పోస్టు అధికారిగా ఎవరిని పెట్టానో ఊహించు. అవును, ఫోను తీగ వీరుణ్నే. దారులన్నీ తెలిసినవాడు వాడొక్కడే మరి.

దారిలో దొరికిన పెన్‌డ్రైవ్ తగిలించకూడదని కూడా చెప్పాను. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఉంది. క్యాంపస్‌లో 297 పెన్‌డ్రైవ్‌లు అక్కడక్కడా వదిలితే, వాటిలో కనీసం 45 శాతం ఎవరో ఒకరు తగిలించి ఫైళ్లు తెరిచారట. ‘మేమైతే నూటికి నూరు తెరుస్తాం సార్’ అని వెనక బెంచీ నుంచి గట్టిగా జవాబు. నిజాయితీకి మార్కులు వేయాలా వద్దా?

ఇక ఉత్తరం రాయించిన ఘట్టం. తెరిచిన రోజున పిల్లలు బారులు తీరారు. నాలుగైదు డ్రైవులలో చెత్త దొరికింది, ఎక్కువగా ఫొటో స్టూడియోలకు వెళ్లి వచ్చినవి. ఇంతలో హెచ్ఎం గారు హడావిడిగా వచ్చారు, ఏదో జాబితా ప్రింటు తీసుకోవాలి. నేరుగా లోపలికి వెళ్లబోతుంటే మన అధికారి లేచి నిలబడి, చేతులు కట్టుకుని, ‘సార్, మీది కూడా చూడాలి సార్’ అన్నాడు. ల్యాబులో చీమ చిటుక్కుమంటే వినిపించేది. నేను నీ వైపు చూద్దామనుకున్నాను, నువ్వు లేవు. అలాంటి సమయంలో నువ్వు పక్కన లేకపోవడం ఎంత నష్టమో!

ఆయన ఇచ్చారు. వాడు పెట్టాడు. తెర మీద వరుసగా షార్ట్‌కట్‌లు.

ఇన్నేళ్లుగా నిషేధం వర్తించనిది ఆఫీసు మెషీనుకు ఒక్కదానికే. ఈ డ్రైవ్ దానికీ నెట్ సెంటర్‌కూ మధ్య తిరుగుతూనే ఉంది. నేను మందలింపు కోసం సిద్ధపడ్డాను. ఆయన ముఖం తెల్లబోయింది, కానీ కోపం వల్ల కాదు. ‘ఒరేయ్ బాబూ, నా నామినల్ రోల్స్ పోయాయా?’ అన్నారు. ఆ గొంతు విని నాకు జాలేసింది. వాడు ‘పోలేదు సార్, దాక్కున్నాయి, ఇవిగో’ అని పక్కనున్న అసలు ఫోల్డరు తెరిచి చూపించాడు. ఒక్కొక్క ఫైలూ తెరిపించుకుని చూసుకున్నారు. ఆ తరువాత అక్కడే నిలబడి, స్టాఫ్ అందరూ కూడా ఇక్కడ చూపించే లోపలికి వెళ్లాలి, నోటీసు రాయండి అని నాతో అన్నారు. తెలుగు మాస్టారు ఇంకా నాతో సరిగా మాట్లాడడం లేదు. ‘శిష్యుల చేత సోదాలా’ అని గొణుగుతున్నారు. ఆయన పెన్‌డ్రైవ్ ఇంతవరకు గుమ్మం దాటలేదు, ఆయన దాటనిచ్చేలా లేరు.

అంతా బాగుంది కదా. బాగాలేనిది ఒకటి ఉంది. ఇదంతా తేలేసరికి ఆ అమ్మాయి ప్రాజెక్టు గడువు దాటిపోయింది. పెయింట్ బొమ్మలతోనే వెళ్లింది, ఎంపిక కాలేదు. ఫొటోలు ఉంటే అయ్యేదా? ఏమో. పోర్టులు తెరిచిన రోజు వచ్చి, ఫొటోలన్నీ మెషీనులో పెట్టుకుని ఒక్కొక్కటీ పెద్దగా చేసి చూసుకుంది. నేనేదో అనబోతే ‘పరవాలేదు సార్, చెల్లి తొమ్మిదిలోకి వస్తుందిగా’ అంది. దానికి నేనేం జవాబు చెప్పను? నీకేమైనా తోస్తే రాయి.

నీతో పని ఒకటుంది. మీ కేరళ బడుల సాంకేతిక సంస్థ కైట్ వాళ్లు బడుల కోసం తయారు చేసిన లినక్సు ఉందట కదా, అది ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి పంపించు, పాత మెషీన్లు ఇంకా కొన్ని ఉన్నాయి. చెక్‌పోస్టులో ఆపుతారు, కంగారుపడకు. సంక్రాంతికి వస్తావా రావా, తేల్చి చెప్పు, అమ్మ అరిసెల పిండి లెక్క అడుగుతోంది. ఇంకా ఆ పిడుగు పీఈటీ మాస్టారి డ్రైవ్‌లో ఏం చూశాడో చెప్పనే లేదు, అది మామూలు కథ కాదు, అసలు ఆ రోజు ఆయన... ఇదిగో గంట కొట్టారు, తొమ్మిదో తరగతి వాళ్లు గుమ్మంలో నిలబడ్డారు, పోస్టులో వేయడానికి వెళ్లే కుర్రాడు తొందర పెడుతున్నాడు. మిగతాది వచ్చే ఉత్తరంలో.

నీ
సున్నా వోల్టు